గుడ్డి బ్యారను ఊపిరి

ఒక్క ప్రశ్న అడుగుతాను, సూటిగా జవాబు చెప్పండి. మీలో దెయ్యాన్ని కళ్ళారా చూసినవాళ్ళు ఎంతమంది?

మా మేనత్త తోటికోడలు చూసిందట, మా ఊరి లైన్‌మన్ చూశాడట... ఆ చేతులు దించండి. ఈ 'అట'లు నాకొద్దు. సొంత కళ్ళతో చూసినవాళ్ళే ఎత్తండి.

ఎవరూ లేరు కదా? సరే. అయితే మా ఊరి గుడ్డి బ్యారను సంగతి వినండి. దాంట్లో ఉన్న దెయ్యాన్ని కూడా ఎవరూ చూడలేదు. చూడనివ్వకపోవడమే దాని పని.

పర్చూరు నుంచి మా ఊరికొచ్చే డొంకదారిలో, సగం దూరం వచ్చాక, ఎడంచేతి పక్క పల్లంలో ఉంటుంది. పొగాకు బ్యారను. పచ్చాకు కర్రలకు కట్టి లోపల వేలాడదీసి, కింద రాత్రింబగళ్ళు మంటపెట్టి ఆరబెట్టే ఇల్లు. ఎత్తైన గోడలు, ఒక్క కిటికీ లేదు. నేను పుట్టకముందే పాడుబడింది. ఇటు పత్తిచేలు, అటు మిరపచేలు. పగలు మేకలు పడుకుంటాయి దాంట్లో.

పొద్దుగూకాక మేక కూడా ఉండదు.

ఎందుకంటే, చీకటిపడ్డాక అక్కడ ఆగినవాడి ముఖం మీద ఏదో ఊదుతుంది. దగ్గరగా... వెచ్చగా... ఒక్క ఊపిరి. అంతే. లోకం తెల్లబడిపోతుంది.

చూపున్నవాడు దాన్ని చూడలేదు, దాన్ని ఎదుర్కొన్నవాడికి చూపు లేదు. ఇదీ సాక్ష్యం! చీరాల కాలేజీ డిబేట్‌లో ఎవడైనా ఈ మాట తెస్తే మూడు నిమిషాల్లో కూర్చోబెట్టేదాన్ని. కానీ ఏం చెయ్యను... ఈ కేసులో మొదటి సాక్షి మా తాతయ్య.

యలమందయ్య ఆయన పేరు. కుర్రతనంలో ఆ బ్యారనుకి రాత్రి కాపలా. మంట చూసుకోవడం, లోపల వేలాడే థర్మామీటరు చూసి ఎంత వేడి ఉందో గమనించుకోవడం ఆయన పని. వేడి ఒక్క గీత తప్పితే ఆకు పాడు, మనిషి ఉద్యోగం పాడు. ఆ రాత్రి జరిగింది తాతయ్య ఎన్నిసార్లు చెప్పినా ఒకేలా చెప్తాడు, ఒక్క మాట అటూ ఇటూ పోదు.

"జనవరి చలి. రెండో రోజు మంట. లోపల ఆకు పసుపుకి తిరుగుతోంది. నేను బయట కట్టెలు చీలుస్తున్నా. చాలాసేపయింది, వేడి చూద్దామని వెళ్ళి తలుపు తీశా..."

ఇక్కడ ఆగి ఒక చుట్ట వెలిగిస్తాడు.

"తలుపు తీశానో లేదో... ఊదింది. ఇదిగో, ఇంత దగ్గరగా. కళ్ళ ముందు పాలు పోసినట్టయింది. నా చెయ్యి నాకు కనపడలా. పడ్డా, లేచా, పరిగెత్తా. ఊళ్ళోకొచ్చేసరికి మోకాళ్ళు రెండూ పగిలినై."

కాపలా లేని మంట ఎగిసింది. లోపలి ఆకంతా మాడిపోయింది. ఆసామి మళ్ళీ ఆ బ్యారను వెలిగించలేదు. ఊరు దానికి గుడ్డి బ్యారను అని పేరుపెట్టింది.

ఇది జరిగి నలభై ఏళ్ళు పైనే. కథ కథగా ఉంటే నాకేం బాధ లేదు. కానీ 2003 వచ్చేసరికి తాతయ్య కుడికంట్లో తెల్లగా పొర కమ్మింది. ఎడమకన్ను సగం. శుక్లం, ఆపరేషన్ చేస్తే పోతుంది, మరీ ముదరబెట్టొద్దు అని డాక్టరు చెప్పాడు. 2004 జనవరి నాలుగో తేదీ ఆదివారం చీరాలలో ఉచిత కంటి శిబిరం. పేర్లు రాసేది ఆ ఒక్కరోజే. నేను ఫారం కూడా తెచ్చాను.

తాతయ్య ఫారాన్ని మడిచి చుట్టల పెట్టెలో పెట్టాడు.

"ఇది డాక్టరు తీసే పొర కాదే. అప్పుడు పైన ఊదింది... ఇప్పుడు లోపలికి దిగింది. దాని జోలికి పోతే ఉన్న కన్ను కూడా తీసుకుంటది."

నా దగ్గర జిల్లా స్థాయి డిబేట్ కప్పులు మూడున్నాయి. మూడూ కలిపినా ఆయన ముందు చెల్లలేదు. అరిచాను, గణాంకాలు చెప్పాను, అన్నం మానేశాను. సాయంత్రం పకోడీల వాసనకు మళ్ళీ తిన్నాను కూడా. చివరికి ఆయనే ఒక షరతు పెట్టాడు.

"ఆ బ్యారను దగ్గర రాత్రిపూట ఒక జాముసేపు నిలబడి, చూపు చెడకుండా ఎవరైనా తిరిగిరండి. అప్పుడొస్తా నీ శిబిరానికి."

"నేను నిలబడతా" అన్నాను.

"నువ్వొద్దు. నీకు కళ్ళు పోయినా కనిపించిందనే వాదిస్తావు."

ఇంట్లో అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

అప్పుడు నస్రత్ ముందుకొచ్చింది. ఇంటర్ నుంచి నా స్నేహితురాలు. నేను నోటితో బతికే మనిషిని, అది చేతులతో. వాళ్ళ నాన్న జాన్ బాషా గారికి పర్చూరు సెంటర్లో టీవీ రిపేరు షాపు. ఆ ఏడాది ఆగస్టులో అంగారకుడు భూమికి దగ్గరగా వస్తున్నాడని పేపర్లన్నీ ఊదరగొట్టాయి కదా. ఇది డాబా ఎక్కి చూసింది. ఎర్రటి చుక్క. "ఇంత దగ్గరికొచ్చి చుక్కేంటే!" అని కోపం తెచ్చుకుని టెలిస్కోప్ చెయ్యడం మొదలుపెట్టింది. ఆరంగుళాల అద్దం పోస్టులో వచ్చింది. గొట్టానికి బోరు పైపు ముక్క, నిలబెట్టడానికి వడ్రంగి చేత చెక్క స్టాండు. అన్నీ బిగించేసరికి డిసెంబరు. అంగారకుడు వెళ్ళిపోయి శనిగ్రహం వచ్చింది.

"నాకు ఎటూ చీకటి కావాలి. మా షాపు డాబా మీద వీధిలైటు గోల. మీ బ్యారను దగ్గర దీపం లేదు, మనిషి లేడు. ఇంతకంటే మంచి చోటు ఏముంది?" అంది.

మా నాయనమ్మ వెంకటరావమ్మ చెవిన ఈ మాట పడింది. "శని మనల్ని చూడకుండా గుళ్ళో నూనె పోసొస్తాం మేము. మీరేమో ఎదురెళ్ళి దాన్ని చూస్తారంట! మంచి పిల్లలే!"

మొదటి రాత్రి నేను లేను. నాకు కాలేజీలో పోటీ. నస్రత్ చెప్పింది చెప్పినట్టు చెప్తున్నాను.

అమావాస్యకి ఇంకా మూడు రోజులుంది. మా ఊరి ఆటోడ్రైవరు సిలార్ బండిలో టెలిస్కోప్ వేసుకుని తండ్రీకూతుళ్ళు వెళ్ళారు. సిలార్ ఆటో డొంక మీదే ఆపేశాడు. "నేనిక్కడుంటా బాషా. బండికి ఎవరో ఒకరుండాలిగా" అన్నాడు. ఇంజను ఆపలేదు కూడా.

పల్లంలోకి దిగారు. చలి ఒక్కసారిగా కాళ్ళకి చుట్టుకుంది... నూతిలోకి దిగినట్టు. పత్తిచేలో ఆకు కదలడం లేదు. బ్యారను నోరు తెరుచుకుని నల్లగా నిలబడింది.

టెలిస్కోప్‌కి కన్ను ఆనించేచోట ఒక చిన్న గొట్టం పెడతారు. ఐపీస్ అంటారు దాన్ని. దానిమీద నంబరుంటుంది. నంబరు ఎంత చిన్నదైతే బొమ్మ అంత పెద్దది. నస్రత్ దగ్గర రెండున్నాయి. అద్దంతోపాటు వచ్చిన ఇరవై అయిదు నంబరు, జాన్ బాషా గారు ముచ్చటపడి హైదరాబాదు నుంచి తెప్పించిన ఆరు నంబరు.

"ఆరు ఉండగా ఇరవై అయిదెందుకు తల్లీ? పెద్దగా చూద్దాం" అన్నాడాయన.

ఆరు పెట్టారు. దాంట్లో చూసే కన్నం మిరపగింజంత. రెప్పవెంట్రుకలు అద్దానికి తగిలేదాకా ఆనిస్తేగాని ఏమీ కనపడదు. నస్రత్ ఆనించింది. వెతికింది. వెతికింది... దొరికింది! చుట్టూ ఉంగరంతో, బంగారు ముక్కలా శని.

"నాన్నా..." అంది, ఊపిరి బిగబట్టి. "నాన్నా, ఉంది..."

అంతలోనే ఉంగరం మసకబారింది. శని చుట్టూ తెల్లటి వలయం... పెరుగుతోంది. పక్కనున్న చుక్క ఆరిపోయింది. ఇంకోటి ఆరిపోయింది. ఎవరో ఒక్కొక్క దీపాన్నే ఊదేస్తున్నట్టు...

మొత్తం తెల్లబడిపోయింది.

నస్రత్ తల పైకెత్తింది. ఆకాశంలో చుక్కలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. మళ్ళీ కన్నానించింది. తెలుపు. చున్నీతో తుడిచింది. ఒక్క క్షణం... మళ్ళీ తెలుపు.

"ఏమైంది?" ఒక అడుగు వెనక్కేసి అడిగాడు జాన్ బాషా గారు.

"ఊదుతోంది నాన్నా."

ఆ మాట తను ఎందుకన్నదో తనకే తెలియదట. అంతే, ఆయన టెలిస్కోప్‌ని చంకన పెట్టుకుని, కూతుర్ని రెండో చేత్తో పట్టుకుని డొంకెక్కేశాడు. ఆరడుగుల పైపుని ఒంటిచేత్తో ఎలా మోశాడో ఇప్పటికీ చెప్పలేడు.

మర్నాడు మా ఇంట్లో తాతయ్య గొంతు మామూలుకంటే పెద్దదిగా ఉంది. "చెప్పానా! నన్నూదింది, ఆ పిల్ల గొట్టాన్నీ ఊదింది!"

నేను నస్రత్ దగ్గరికి పోయి కూర్చున్నాను. "సైన్సు చదివే దానివి. సిగ్గులేదా పరిగెత్తడానికి?"

"నేను పరిగెత్తలేదు. నన్ను లాక్కుపోయారు." గొట్టం తుడుస్తూ అంది, "భవ్యా, ఒకటి గమనించా. ఆటో దగ్గరికి వచ్చేసరికి సీటు తడిగా ఉంది. పత్తాకులన్నీ తడే. సిలార్ మఫ్లరు కూడా. దెయ్యం ఆటో సీటు మీద కూడా ఊదిందంటావా?"

మంచు! నవ్వుకున్నాం. పల్లంలో చలి దిగుతుంది, గాలిలో చెమ్మ చల్లటి అద్దం మీద పేరుకుంటుంది. పైగా ఆరు నంబరుకి కన్ను ఆనించాలి, కంటి వేడి, ముక్కు ఊపిరి అన్నీ దానిమీదే. కాబట్టి అద్దాలకి మంచు తగలకుండా గొట్టం మూతికి ఒక తొడుగు, ఐపీస్‌కి వెచ్చగా ఒక చుట్టు. సమస్య తీరింది అనుకున్నాం.

మా ఊళ్ళో చుట్టడానికి ఏ వస్తువు కావాలన్నా చెయ్యి దేనిమీదకి పోతుంది? గోనెసంచి మీదకి. సిలార్ వాళ్ళ కళ్ళం నుంచి రెండు తెచ్చాడు. మందంగా, గట్టిగా, భలే ఉన్నాయి. నస్రత్ ఒకటి గొట్టం మూతికి కుట్టింది, ఇంకోదాన్ని చింపి ఐపీస్ చుట్టూ బిగించింది. ఆ గోనెల్లో అంతకుముందు ఏం పోశారో ఎవరూ అడగలేదు.

గుంటూరు యార్డుకి పోయొచ్చిన మిరపకాయల గోనెలవి.

రెండో రాత్రికి నేను ఆలస్యంగా చేరాను. నేను డొంక మలుపు తిరిగేసరికే కేక వినపడింది.

ఆ రోజు సిలార్‌కి ధైర్యమొచ్చింది. మంచేనని తెలిసిందిగా. "ముందు నేనే చూస్తా. చూస్తే టీ నువ్వే పొయ్యాలి బాషా" అని పల్లంలోకి దిగాడు. నస్రత్ శనిని పట్టి పక్కకి జరిగింది. సిలార్ వంగాడు. చేతులతో గోనెని రెండువైపులా పట్టుకుని, కన్ను బాగా ఆనించాడు.

"ఏదీ... ఆఁ... ఉంది ఉంది... చిన్న ఉంగరం..."

గోనెని ముఖానికి ఇంకా దగ్గరగా లాక్కున్నాడు.

"బాషా... ఏదో... వెచ్చగా..."

"ఏందిరా?"

"కళ్ళు... బాషా, నా కళ్ళు... నా కళ్ళు పొయినయ్ రోయ్!"

పత్తిచేలో అడ్డంపడి పరిగెత్తాడు. జాన్ బాషా గారు కంగారుగా గోనె సర్ది తనూ చూడబోయాడు, అదే చేత్తో కన్ను నులుముకున్నాడు. రెండో కేక. ఇద్దరు మగాళ్ళు కళ్ళు మూసుకుని, చేతులు చాపుకుని, బ్యారను చుట్టూ తిరుగుతుంటే... నేను చూసిన దృశ్యం అదీ. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గోనె దగ్గరికి పోయి వాసన చూశాను.

తుమ్ములు. పదకొండు.

"నస్రత్... తుమ్ము... ఒసేయ్... ఇది మిరపగోనె!"

నిజం తెలిసింది. కానీ నిజం డొంకెక్కేలోపు సిలార్ ఊళ్ళోకి చేరిపోయాడు. కళ్ళు చింతనిప్పుల్లా, నీళ్ళు కారుతూ, గుడ్డి బ్యారను మళ్ళీ ఊదిందని రచ్చబండ మీద వాంగ్మూలం ఇచ్చేశాడు. మేము పోయి "మిరపకాయ బాబూ, మిరపకాయ" అని ఎంత మొత్తుకున్నా వినేదెవరు? "మిరపకాయ మంట మాకు తెలియదా? పుట్టినకాడ్నుంచి దాంట్లోనే ఉన్నాం. ఇది వేరే మంట" అన్నాడు సిలార్.

తాతయ్య ఫారం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇక ఈ మాట ఎత్తొద్దు భవ్యా." కోపంగా అనలేదు. భయంగా అన్నాడు. అదే నాకు నిద్ర లేకుండా చేసింది.

శిబిరం ఇంకో నాలుగు రోజుల్లో.

మర్నాడు పొద్దున్నే షాపులో కూర్చున్నాం. చుట్టూ విప్పిన టీవీలు. జాన్ బాషా గారి కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"ఈసారి ఆరు వద్దు నాన్నా. ఇరవై అయిదు" అంది నస్రత్.

"అందులో శని కందిగింజంత కనపడుద్ది."

"కందిగింజంత కనపడినా ఉంగరంతో కనపడుతుంది. ఆరులో గుమ్మడికాయంత తెలుపు కనపడి ఏం లాభం? దీని కన్నం చూడు, రూపాయి బిళ్ళంత. కన్ను అంగుళం దూరంలో పెట్టుకోవచ్చు. ఊపిరి తగలదు. ఈసారి తాతయ్యనే తెచ్చి చూపిద్దాం, ఆయనకి కన్నం వెతుక్కునే పని ఉండదు."

"నీ శనిగ్రహం, నీ ఇష్టం" అని ఆయన లేచి, అలమరలోంచి చిన్న డబ్బా తీశాడు. రంగురంగుల చారల రెసిస్టర్లు, టీవీల్లో వాడేవి. "వీటిలోంచి కరెంటు పారితే వేడెక్కుతై. ఎక్కువ కాదు... కోడిపెట్ట కింద గుడ్డంత వెచ్చన. చాలా?"

నస్రత్ ఆయన్ని కౌగిలించుకుంది.

మధ్యాహ్నానికి ఆ రెసిస్టర్లు వరసగా కలిపి గాజులా తయారైపోయాయి. ఒక గాజు ఐపీస్‌కి, ఒకటి లోపలి చిన్న అద్దం వెనక. రెండు తీగలు షాపులోని పాత బండి బ్యాటరీకి. గొట్టం మూతికి కొత్త టీవీ డబ్బాలో వచ్చే తెల్ల ఫోము షీటు మూరెడు ముందుకొచ్చేలా చుట్టి, లోపలివైపు నల్లగుడ్డ అంటించారు. గోనె అన్నదాన్ని షాపు గడప దాటి లోపలికి రానివ్వలేదు.

ఇక మిగిలింది తాతయ్యని కదిలించడం. నేను ప్రసంగం తయారుచేసుకుంటున్నాను. అది వినకుండానే నాయనమ్మ చీరకొంగు దోపింది.

"నేను పోతున్నా బ్యారను కాడికి. ఈయన్ని ఇంట్లోనే ఉండమను. తలుపేసుకుని, గొళ్ళెం పెట్టుకుని, దుప్పటి కప్పుకోమను."

తాతయ్య చెప్పులు వెతుక్కున్నాడు.

జనవరి రెండు, శుక్రవారం. ముప్పాతిక చంద్రుడు నడినెత్తికి వస్తున్నాడు. అయిదుగురం పల్లంలోకి దిగాం. తాతయ్య నా భుజం పట్టుకున్నాడు. నలభై ఏళ్ళ తర్వాత ఆయన కాలు పడింది అక్కడ.

బ్యారను గుమ్మం నల్లగా మాకేసి చూస్తోంది.

చలి... మంచు కురుస్తున్న చప్పుడు కూడా వినపడుతుందా అన్నంత నిశ్శబ్దం. నస్రత్ చంద్రుణ్ణి పట్టి, తాతయ్య మసక కంటికి తగ్గట్టు ఐపీస్ ముందుకీ వెనక్కీ జరిపింది.

"ఎడమకన్ను తాతా. ఆనించొద్దు. దగ్గరగా పెట్టండి చాలు."

తాతయ్య వంగాడు.

"...గుంటలు" అన్నాడు. "చంద్రుడికి అన్నీ గుంటలే."

"కనపడుతున్నాయా?"

"అంచులు కూడా."

పది నిమిషాలు. పదిహేను. చంద్రుడు మాయలేదు. అప్పుడు నస్రత్ నాకేసి చూసి, నెమ్మదిగా ఐపీస్ తీగ బ్యాటరీ నుంచి ఊడదీసింది. నేను దానికి చెప్పని పని అది.

రెండు నిమిషాలు... మూడు...

తాతయ్య వెన్ను బిగుసుకుంది.

"భవ్యా." గుసగుస. "వచ్చింది."

"ఏం వచ్చింది తాతయ్యా?"

"తెల్లగా... చుట్టూరా కమ్ముతోంది... అదే... అదేనే..."

వెనక్కి తగ్గబోయాడు. నాయనమ్మ ఆయన నడుం మీద చెయ్యేసి ఆపింది. నస్రత్ తీగ మళ్ళీ బ్యాటరీకి తగిలించింది. "కదలకండి తాతా. చూస్తూ ఉండండి. పోతుంది."

పోకపోతే? రెసిస్టరు ఒకటి తెగిపోయుంటే?

నిమిషం. ఇంకో నిమిషం. ఇంకోటి...

"నడిమధ్యలో... తేటపడుతోంది" అన్నాడు తాతయ్య. "గుంట... మళ్ళీ వచ్చింది గుంట."

"అది మంచు తాతా. వెచ్చటి చెమ్మ చల్లటి అద్దం మీద పడితే తెల్లబడుతుంది. అద్దం వేడెక్కితే పోతుంది. కావాలంటే మీరే ఊదండి."

ఇంకో ఐపీస్, చల్లగా ఉన్న ఆరు నంబరు, ఆయన చేతిలో పెట్టింది. తాతయ్య దాన్ని వెన్నెలకి పట్టుకుని 'హా' అని ఊదాడు. తెల్లబడింది. వేలితో తుడిచాడు. మళ్ళీ ఊదాడు. మళ్ళీ.

అక్కడే, మంచుకి తడిసిన గడ్డి మీద కూర్చుండిపోయాడు.

"ఏమయింది తాతయ్యా?"

ఐపీస్‌ని ఇంకోసారి తుడిచాడు. "ఆ రాత్రి... నేను కళ్ళజోడు పెట్టుకున్నానే."

అందరం ఆయన్నే చూస్తున్నాం.

"ఎప్పుడూ చెప్పలా ఎవరికీ. చూపు ఆనక థర్మామీటరు గీతలు కనపడేవి కావు. చూపు లేనివాణ్ణి ఏ ఆసామి పెట్టుకుంటాడు కాపలాకి? దొంగతనంగా చీరాల పోయి కళ్ళజోడు తెచ్చుకున్నా. రాత్రిళ్ళు, ఎవరూ లేనప్పుడే పెట్టుకునేవాణ్ణి. వారం కూడా కాలా. ఆ చలిలో కట్టెలు చీల్చీ చీల్చీ... ఆ చల్లటి అద్దాలతో పోయి ఉడుకు బ్యారను తలుపు తీశా."

నవ్వడం మొదలుపెట్టాడు. భుజాలు ఊగేలా, కళ్ళ వెంబడి నీళ్ళు కారేలా.

"ఆకు మాడ్చానని ఆసామి అడిగితే ఏం చెప్పను? కళ్ళజోడు అంటే పని పోద్ది. దెయ్యం అంటే ఊరంతా జాలిపడింది... నేనూ నమ్మా!"

"మరి ఆ కళ్ళజోడు ఏదయ్యా?" అంది నాయనమ్మ.

"ఈ పల్లంలోనే ఎక్కడో పడిపోయింది. ఇక్కడే ఉండుద్ది, నన్ను తిట్టుకుంటా."

"ఇన్నేళ్ళ కాపురంలో నాకు కూడా చెప్పలేదా?"

"నీకైతే అసలే చెప్పకూడదు. కళ్ళజోడు మొగుడంటావని."

నాయనమ్మ ఆయన నెత్తిన ఒక్కటేసింది. జాన్ బాషా గారు నవ్వలేక బ్యారను గోడ పట్టుకున్నారు. ఇన్నేళ్ళూ ఊరంతా భయపడ్డ గోడ. ఆదివారం పొద్దున అయిదింటికే తాతయ్య తయారై అరుగు మీద కూర్చున్నాడు, నా దగ్గర తిరిగి తీసుకున్న ఫారం జేబులో.

ఇక్కడితో అయిపోయిందనుకున్నారు కదా? లేదు. ఒక్క రాత్రి మిగిలింది.

ఫిబ్రవరి మూడో వారం, చంద్రుడు లేని రాత్రి. తాతయ్య కుడికంటికి ఆపరేషన్ అయి కుదుటపడింది. ఎడమది వచ్చే ఏడాది. "శనిని చూడాలే, ఆ ఉంగరాన్ని" అని పట్టుబట్టాడు. నేనూ ఆయనా ముందుగా పల్లంలోకి దిగాం. నస్రత్ డొంక మీద ఆటోలోంచి గొట్టం దించుతోంది. చుట్టూ ఎవరూ లేరు. చుక్కల వెలుగు.

తాతయ్య హఠాత్తుగా నా మణికట్టు పట్టుకున్నాడు.

"భవ్యా... బ్యారను గుమ్మంలో చూడు."

"ఏముంది?"

"మనిషి. ముసల్ది. తెల్ల జుట్టు... మనకేసే చూస్తోంది."

చూశాను. ఒట్టు, అబద్ధం చెప్పను, మూడు కప్పులు గెలిచిన నా నోరు ఎండిపోయింది. గుమ్మంలో ఎవరో ఉన్నారు. కదలకుండా. తెల్లగా. ఒక అడుగు ముందుకేశారు... ఇంకో అడుగు...

"ఎవరు?" అన్నాడు తాతయ్య, సన్నగా.

"ఎవరేందయ్యా! ఉప్మా చల్లారిపోద్దని అడ్డదారిన చేల గట్టెమ్మట ముందొచ్చి కూర్చున్నా. గంట నుంచి చూస్తన్నా మీకోసం." టిఫిన్ డబ్బాతో నాయనమ్మ.

నేను ఊపిరి పీల్చుకున్నాను. తాతయ్య మాత్రం కదల్లేదు. ఆవిడ దగ్గరికొచ్చాక, టార్చి వేసి, ముఖంలోకి తేరిపార చూశాడు. కొత్త కంటితో. నుదురు, చెంపలు, జుట్టు...

"ఇంత ముసల్దానివి ఎప్పుడయ్యావే వెంకటరావమ్మా?"

నాయనమ్మ డబ్బా మూత తీస్తూ అంది. "నువ్వు చూడనప్పుడు."

ఆ రాత్రి శనిని ఆయన చూశాడో లేదో నాకు గుర్తులేదు. టార్చి మాత్రం చాలాసేపు ఆర్పలేదు.

చెప్పదలుచుకున్నది ఇంతే. ఇప్పుడు మీరొక పని చెయ్యాలి. ఈ రాత్రికే ఇంట్లో చుట్టూ చూడండి. సూదిలో దారం మీ చేత ఎక్కించుకుంటున్నది ఎవరు? గడప తడుముకుంటున్నది ఎవరు? మనిషిని గొంతు బట్టి గుర్తుపడుతున్నది ఎవరు? వాళ్ళు దెయ్యమంటారు, కర్మంటారు, వయసంటారు. వాదించకండి, నేను వాదించి ఓడిపోయాను. చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించండి, దగ్గర్లో కంటి శిబిరం ఎప్పుడుంటే అప్పుడే. చెప్పులు మీరే వెతికి పెట్టండి.